చేతివ్రాతతో వేసిన సంకెళ్లు

మూలవాక్యములు: ఫిలేమోను 10–19, కొలొస్సయులకు 2:14, అపొస్తలుల కార్యములు 16:22–34



మన జూజువాడిలో రోడ్డు పక్కన ఐదు నిమిషాలు నిలబడితే మూడు భాషలు చెవిన పడతాయి. అవతల అత్తిబెలె, కన్నడ సీమ. ఇవతల హోసూరు, తమిళ సీమ. ఇంట్లోకి వస్తే మన తెలుగు. ఇక్కడ పెరిగే పిల్లలు మాటల్ని పోల్చి చూడటంలో మనకంటే చురుకైనవారు. ఆ మధ్య యౌవనస్థుల కూటంలో ఒక బిడ్డ నన్ను అడిగాడు: "మాస్టారూ, ఇంగ్లిషు బైబిలులో ఒకచోట ఫెటర్స్ అని, ఒకచోట చెయిన్స్ అని, ఇంకొకచోట బాండ్స్ అని, స్టాక్స్ అని ఉన్నది. అన్నీ సంకెళ్లేనా? ఒక్క బాధకు ఇన్ని పేర్లు ఎందుకు?"

ఆ రాత్రి నిఘంటువులు ముందు వేసుకొని కూర్చున్నాను. చదువు చెప్పిన వాణ్ణి గనుక మాటల వెంట వెళ్లడం నాకు ఇష్టం. కాని ఆ మాటలు నన్ను చివరకు ఎక్కడికి తీసుకొని వెళ్లాయో అది చెప్పటానికే ఈ సందేశం వ్రాస్తున్నాను.

1. కాళ్లకు వేసినవి, చేతులకు వేసినవి

ఫెటర్ అనేది ప్రాచీన ఇంగ్లిషు మాట. పాదానికి వేసే సంకెల అని అర్థం. ఇంగ్లిషులో పాదమును ఫుట్ అంటారు గదా, ఆ రెండు మాటలకు మూలం ఒక్కటే. ఇంకా వెనుకకు వెళితే మనం సంస్కృతం నుండి తెచ్చుకొన్న పాదము అనే మాట కూడా ఆ కుటుంబములోనిదే. గ్రీకులోనూ అంతే. మార్కు 5వ అధ్యాయములో సేన అనే దయ్యము పట్టిన మనుష్యుణ్ణి కట్టినవి రెండు రకాలు. ఒకటి పాదమునుండి పుట్టిన మాట, రెండవది గొలుసు అనే మాట.

మానకిల్ అనేది చేతి మాట. లాటినులో చేతిని మానుస్ అంటారు, దాని నుండి వచ్చింది. హ్యాండ్‌కఫ్ అనే పేరు 17వ శతాబ్దములో వాడుకకు వచ్చింది. కఫ్ అంటే చొక్కా చేతి అంచు. చొక్కా తొడిగినంత సుళువుగా ఇనుము తొడుగుతారు! ఓడల మీద నావికులను శిక్షించే ఇనుప కమ్మీకి బిల్బోస్ అని పేరు. దాన్ని స్పెయిన్ దేశపు బిల్బావో పట్టణముతో ముడిపెట్టి చెప్పేవారున్నారు. స్టాక్ అంటే చెట్టు మొద్దు. మొద్దుకు కన్నాలు చేసి అందులో కాళ్లు బిగిస్తే అది స్టాక్స్. దీనికి మన పెద్దలు ఎంత చక్కని తెలుగు మాట పెట్టారో చూడండి: బొండ. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలల కాళ్లకు వేసినది బొండయే.

హెబ్రీ భాషలో మరొక విశేషము. సమ్సోనుకు, సిద్కియా రాజుకు వేసిన సంకెళ్లను ఆ భాషలో చెప్పే మాటకు "రెండు ఇత్తళ్లు" అని అర్థం. ఏ కాలికి ఒకటి ఆ కాలికి. అంతే, ఇంకేమీ చెప్పనక్కర లేదు.

మన సంకెల సంస్కృతపు శృంఖల నుండి ప్రాకృతము గుండా నడిచి వచ్చింది. బేడీ అని కూడా అంటాము. అత్తిబెలె దాటితే కన్నడమువారు బేడి అంటారు, కోళ అంటారు. ఇక్కడ తమిళములో విలంగు. తమిళములో విలంగు అంటే మృగము అని కూడా అర్థమున్నది. ఆ రెండు అర్థములు ఒకే మాటలో ఎట్లా చేరాయో పండితులు చెప్పాలి గాని, రెంటినీ పక్కపక్కన వినేవాడికి ఒక సంగతి మాత్రం తెలుస్తుంది. మనిషికి కట్లు వేసిన రోజున వాణ్ణి మనం మనిషిగా చూడటం మానేశాము.

యోసేపును గూర్చి 105వ కీర్తన చెప్పేది కూడా ఇదే. ఇనుము కాళ్ల దగ్గర ఆగలేదు, ప్రాణము వరకు వెళ్లింది.

మన బాప్టిస్టులకు ఇది ఇంటి చరిత్ర. అదోనిరామ్ జడ్సన్ గారు బర్మా రాజధాని ఆవాలో 1824 జూన్ 8న పట్టుబడ్డారు. మరణ చెరసాలలో ఆయన కాళ్లకు మూడు జతల సంకెళ్లు వేశారు, తరువాత అవి ఐదు జతలయ్యాయి. రాత్రులు ఖైదీల కాళ్ల మధ్య వెదురు గడ దూర్చి, భుజాలు మాత్రం నేలను తాకేటట్లు పైకి ఎత్తేవారు. బర్మా భాషలో ఆయన చేసిన క్రొత్త నిబంధన వ్రాతప్రతిని భార్య ఆన్ గారు ఒక గట్టి దిండులో కుట్టి ఇచ్చారు. సంకెళ్లలో ఆయన తల క్రింద దేవుని వాక్యమున్నది. నెల్లూరులో 1840లో పని ప్రారంభించిన శామ్యూల్ డే దొరగారిని మన తెలుగువారి యొద్దకు పంపినది కూడా ఆ అమెరికన్ బాప్టిస్టు మిషనే. అనగా, సంకెళ్లు ఎరిగిన సంఘము మనకు సువార్త పంపింది.

2. కాగితపు సంకెళ్లు

ఆ రాత్రి నిఘంటువులో నేను ఆగిపోయిన మాట ఒకటున్నది. డార్బీస్. పాత ఇంగ్లిషు వాడుకలో చేతి సంకెళ్లకు అది మారుపేరు. దాని వెనుక కథ ఏమిటంటే, 16వ శతాబ్దములో "ఫాదర్ డార్బీ కట్లు" అని ఒక నానుడి ఉండేది. అవి ఇనుప కట్లు కావు, అప్పు పత్రము. ఋణస్థుడు కదలకుండా బిగించి వ్రాయించుకొనే పత్రము. డార్బీ అనేవాడు ఒక వడ్డీ వ్యాపారి కావచ్చునని నిఘంటుకారుల ఊహ. తరువాత కాలములో ఆ అప్పు పత్రము పేరే చేతి సంకెళ్లకు వచ్చి చేరింది.

చూశారా! ముందు కాగితం, తరువాత ఇనుము. జనానికి ఆ రెండూ ఒకటేనని తెలిసే అట్లా పిలిచారు.

బాండ్ అనే మాటా అంతే. కట్టుకు అదే మాట, మనం స్టాంపు కాగితం మీద వ్రాసే పత్రానికి అదే మాట. ఇక్కడ తమిళములో కొత్తడిమై అంటారు, మనం వెట్టి అంటాము. ఆ మనుష్యుల చేతులకు ఇనుము కనబడదు. అయినా వారు కదలలేరు.

3. నా చేయి వ్రాసినది

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. సంఘ పెద్దగా ఇది చెప్పటం నాకు కష్టము. చెప్పకపోతే ఇంకా కష్టము.

మీలో చాలామందికి తెలుసు, ఊరి నుండి వచ్చిన కొత్తలో మన వారికి అర్జీలు, ఉత్తరాలు, నోట్లు వ్రాసిపెట్టేవాణ్ణి. చేతివ్రాత బాగుంటుందని అందరూ వచ్చేవారు. అది సేవ అనుకొనేవాణ్ణి. 2009లో ఒక ఆదివారం ఆరాధన అయిన తరువాత ఇటుక బట్టీ నడిపే ఒక విశ్వాసి నా దగ్గరకు వచ్చాడు. వెంట ఒక జంట ఉన్నది. మన తెలుగు జిల్లాల నుండే వచ్చినవారు, చంకలో పిల్ల. "మాస్టారూ, అడ్వాన్సు ఇస్తున్నాను, ఒక కాగితం వ్రాసిపెట్టండి" అన్నాడు.

వ్రాశాను. పద్దెనిమిది వేలు ముట్టినట్లు, ఆ మొత్తం పనిలో తీరేవరకు ఇద్దరూ వేరేచోటికి పనికి పోమని, ఒకరు వెళ్లినా రెండవవారు ఉండి తీర్చవలెనని. చదివి వినిపించాను. వారు వేలిముద్రలు వేశారు. సాక్షి సంతకం కూడా నాదే. ఇంటికి వచ్చి అన్నం తిని పడుకొన్నాను. నాకు ఏమీ అనిపించలేదు.

ఆరు నెలల తరువాత ఆ అమ్మాయి ఒక సాయంత్రం మా వరండాలోకి వచ్చి నిలబడింది. ఊళ్లో తల్లి చనిపోయిందని కబురు వచ్చింది. యజమాని ఇద్దరినీ పంపనన్నాడు. నీవు వెళ్లు, నీ మొగుడు, పిల్ల ఇక్కడ ఉంటారు అన్నాడు. పాలు మానని పిల్ల. నేను అడిగాను: "ఏమమ్మా, మిమ్మల్ని ఏమైనా కట్టివేశాడా? గదిలో పెట్టి తాళం వేశాడా?"

ఆ అమ్మాయి అన్న మాట ఇది: "లేదు మాస్టారూ. మీరు రాసిన కాగితం చూపిస్తన్నాడు."

నేనేమి చేశానో కూడా చెప్పాలి. "కాగితం కాగితమే కదమ్మా, నేనేం చేయను" అన్నాను. ఆమె వెళ్లిపోయింది. తల్లి మట్టికి వెళ్లలేదు.

4. పౌలు వ్రాసిన నోటు

రెండు వారాలు గడిచాయి. ఆ ఆదివారం వాక్యము చెప్పవలసిన వంతు నాది, నిర్ణయించిన భాగము ఫిలేమోను పత్రిక. ఎన్నోసార్లు చదివిన పత్రికే. 18, 19 వచనముల దగ్గరకు వచ్చేసరికి నా చేతులు చల్లబడ్డాయి.

ఒనేసిము అనే దాసుడు యజమానుడైన ఫిలేమోను దగ్గరనుండి వెళ్లిపోయాడు. పౌలు బంధకాలలో ఉండగా అతణ్ణి క్రీస్తునొద్దకు నడిపించాడు. ఇప్పుడు అతణ్ణి తిరిగి పంపుతూ, దాసుడుగా కాదు, ప్రియ సహోదరుడుగా చేర్చుకొమ్మని అడుగుతున్నాడు. అతడు నీకు ఏమైనా అచ్చియున్న యెడల ఆ లెక్క నా మీద వేయుము, నేనే తీర్చెదను అంటున్నాడు. అంతటితో ఆగక, ఇది నా స్వహస్తముతో వ్రాస్తున్నానని గుర్తు చేస్తున్నాడు. ఆ కాలములో అది ఊరికే అనే మాట కాదు. అప్పు ఒప్పుకొంటూ సొంత చేతితో వ్రాసి ఇచ్చే నోటు ఎట్లా ఉంటుందో అట్లా వ్రాశాడు.

సహోదరులారా, ఇక్కడ గమనించండి. బంధకాలలో ఉన్నవాడి చేయి ఒక మనిషిని విడిపించటానికి నోటు వ్రాసింది. ఏ సంకెలా లేని నా చేయి ఒక జంటను కట్టివేయటానికి నోటు వ్రాసింది.

కొలొస్స పత్రిక 2:14 తిప్పాను. మన మీద విరోధముగా ఉన్న ఋణపత్రమును ప్రభువు తుడిచివేసి, సిలువకు మేకులతో కొట్టాడని అక్కడ ఉన్నది. గ్రీకులో ఆ పత్రానికి వాడిన మాటకు చేతివ్రాత అని అర్థం. ఋణస్థుడు తన చేతితో వ్రాసి ఇచ్చిన పత్రమును గ్రీకువారు అట్లా పిలిచేవారు. ప్రభువు నా చేతివ్రాతను కొట్టివేయటానికి తన చేతులను మేకులకు అప్పగించాడు. ఆ చేతుల వలన విడుదల పొందిన నేను, పొరుగువాని మీద మరొక చేతివ్రాత తయారు చేశాను.

ఆ ఆదివారం నేను ప్రసంగము చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి మరొకరిని నిలబెట్టాను. సోమవారం ఉదయం ఆ బట్టీ దగ్గరకు వెళ్లాను. కాగితం ఇమ్మని అడిగాను. మిగిలిన బాకీ నా మీద వేయమన్నాను. ఆ సహోదరుడు కోపగించుకొన్నాడు. "మీరు వ్రాసినదే కదా మాస్టారూ" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చివరకు కాగితం ఇచ్చాడు. ఆ జంట ఆ సాయంత్రమే బస్సు ఎక్కారు. ఆయన కొన్ని నెలలు ఆరాధనకు రాలేదు, కానుకలూ ఆగిపోయాయి. సంఘములో కొందరు నన్ను తప్పుపట్టారు.

ఇది గెలుపు కథ కాదు. ఆ అమ్మాయి తల్లి ముఖము చూడలేదు, దాన్ని నేను తిరిగి ఇవ్వలేను. వారి పేర్లు నా చేతితోనే వ్రాశాను, ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తుకు రావు. క్షమాపణ అడగటానికి కూడా వారు నాకు దొరకలేదు.

5. మన పితరులలో ఒక కంట్రాక్టరు

కూలీల చేత పని చేయించుకొనటం పాపమా అని మీరు అడగవచ్చును. కాదు. మన ఒంగోలు చరిత్ర చూడండి. 1876–78 కరువులో మనుష్యులు ఆకలితో చస్తుండగా ప్రభుత్వము బకింగ్‌హామ్ కాలువ పని పెట్టింది. అక్కడ మేస్త్రీల, పైవారి చేతులలో పేదలు నలిగిపోవటము జాన్ క్లౌ దొరగారు చూశారు. ఆయన తానే మూడున్నర మైళ్ల కాలువకు కంట్రాక్టు తీసుకొన్నారు. బోధకులనే పని పర్యవేక్షకులుగా పెట్టారు. పని చేసినవాడికి చేసినంత కూలి చేతికి ముట్టేటట్లు చూశారు. కూలి కోసము క్రైస్తవులయ్యారనే మాట రాకూడదని, సహాయము జరిగినంత కాలము బాప్తిస్మములు ఆపివేశారు. అది ముగిసిన తరువాతనే 1878 జూలై 3న ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ 2,222 మందిలో ఎక్కువమంది మాదిగ బిడ్డలు. వెట్టి అంటే ఏమిటో వారికి ఎవరూ చెప్పనక్కర లేదు. ఆదివారం పనికి రామని, డప్పు కొట్టమని చెప్పినందుకు పెద్దకాపుల చేత బాధలు పడినవారు వారు. మన తాతముత్తాతలు వారే. ఒకప్పుడు రైలెక్కి, బస్సెక్కి, అశోక్ లేలాండు అనీ, టీవీఎస్ అనీ పేర్లు విని ఇటు వచ్చినవారమూ మనమే. ఇప్పుడు మనకు ఇండ్లున్నాయి, కొందరికి లారీలున్నాయి, కొందరికి బట్టీలు, క్రషర్లు, కూలీ కంట్రాక్టులు ఉన్నాయి. నిన్న పని వెతుక్కొంటూ వచ్చినవాడు ఈనాడు మన తలుపు తడుతున్నాడు. మనము అతనికి క్లౌ దొరగారి వంటి కంట్రాక్టరులమా, లేక ఆయన తప్పించిన మేస్త్రీలమా?

6. మనము చేయవలసినది

కైసరువి కైసరుకు చెల్లించమన్నాడు ప్రభువు. గనుక చట్టము కూడా తెలిసి ఉండాలి. రాజ్యాంగము 23వ అధికరణము వెట్టిని నిషేధించింది. 1976లో పార్లమెంటు చేసిన చట్టము, 1975 అక్టోబరు 25 నుండి అమలుగా, కట్టు కూలీ పద్ధతిని రద్దు చేసింది. అడ్వాన్సు తీసుకొన్నందుకు మరొకచోట పని చేసుకొనే హక్కు, తిరిగే హక్కు పోగొట్టుకొంటే అది కట్టు కూలీయే. అట్టి అప్పు చట్టము దృష్టిలో లేదు, దాన్ని వసూలు చేయకూడదు. చేయించుకొన్నవానికి మూడేండ్ల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జుల్మానా. కనీస కూలి ఇవ్వకుండా పని చేయించుకొనటము కూడా వెట్టియేనని 1982లో సుప్రీం కోర్టు చెప్పింది. నేరస్థునికైనా కారణము లేకుండా బేడీలు వేయకూడదని అదే కోర్టు 1980లో చెప్పింది. ఖైదీ చేతికి కూడా ఊరికే వేయకూడని దానిని మనము పనివాని బ్రతుకుకు వేయవచ్చునా?

నేను చేసిన రెండవ తప్పు ఇక్కడే ఉన్నది. మిగిలిన బాకీ నా మీద వేయమన్నాను గాని, చట్టప్రకారము అసలు బాకీయే లేదని నాకప్పుడు తెలియదు. సబ్ కలెక్టరు ఆఫీసుకు వెళ్లి చెప్పియుంటే ఆ జంటకు విడుదల ధ్రువపత్రము వచ్చేది, దానితోపాటు ప్రభుత్వ సహాయము వచ్చేది. సంఘము పరువు పోతుందని నేను గుట్టుగా ముగించాను. వారు ఉత్త చేతులతో బస్సెక్కారు. మీరు అట్లా చేయకండి.

కాబట్టి ప్రతి సంఘములో పెద్దలు కూర్చుండి ఈ నాలుగు ప్రశ్నలు మనకు మనమే వేసుకొందాము.

మన బీరువాలో ఎవరిదైనా అడ్వాన్సు కాగితము, వేలిముద్ర నోటు ఉన్నదా?

పనివారి ఆధార్ కార్డు, రేషను కార్డు, పిల్లల సర్టిఫికెట్లు మన దగ్గర పెట్టుకొన్నామా?

ఊరినుండి చదివిస్తామని తెచ్చిన పిల్ల మన ఇంట్లో బడికి పోతున్నదా, లేక అంట్లు తోముతున్నదా? పక్కింట అట్టి బిడ్డ కనబడితే 1098కి ఫోను చేశామా?

మన పనివాడు తల్లి చనిపోయిందని చెప్పిన రోజున ఎవరినీ అడగకుండా బస్సెక్కగలడా?

చివరి ప్రశ్న చాలు. దానికి కాదు అని జవాబు వస్తే అక్కడ సంకెల ఉన్నది, కంటికి కనబడకపోయినా.

7. బొండ వేసిన చేయి

ఆ యౌవనస్థుడు అడిగిన బొండతో ముగిస్తాను. ఫిలిప్పీ చెరసాల నాయకుడు పౌలు సీలల కాళ్లను బొండలో బిగించాడు. అధికారులు చెప్పారు, వాడు చేశాడు. నేను కాగితము వ్రాసినట్లే. రాత్రి భూకంపము వచ్చింది, తలుపులు తెరచుకొన్నవి, అందరి బంధకములు ఊడినవి. ఆ తరువాత జరిగినది చూడండి. ఆ రాత్రి ఆ గడియలోనే వాడు వారిని తీసుకొని వెళ్లి వారి గాయములు కడిగాడు. అటు తరువాతనే బాప్తిస్మము పొందాడు. ముందు వారి గాయములను నీళ్లతో కడిగాడు, తరువాత తాను నీళ్లలోనికి దిగాడు.

బొండ వేసిన చేయే గాయములు కడిగింది. ఆ మాట మీదనే నేను ఇంకా ఈ సంఘములో పెద్దగా నిలబడి ఉన్నాను. నేను గాయపరచినవారి గాయములు కడగటానికి నాకు సమయము దొరకలేదు. మీ పనివారు మీ దగ్గరే ఉన్నారు. మీకు ఆ గడియ ఇంకా ఉన్నది.

బంధకము అన్నా, బంధువు అన్నా, అనుబంధము అన్నా మూలము ఒక్కటే. కొలొస్సయులకు వ్రాస్తూ పౌలు ప్రేమను గూర్చి వాడిన మాటకు మన తెలుగు బైబిలు అనుబంధము అనే పెట్టింది. కట్టటము తప్పదు. ఇనుముతో కట్టవచ్చు, కాగితముతో కట్టవచ్చు, ప్రేమతో కట్టవచ్చు. మొదటి రెంటితో కట్టినవారు వీలు దొరికితే పారిపోతారు. మూడవదానితో కట్టినవారు పండుగకు మన ఇంటికి తిరిగి వస్తారు.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా చేతివ్రాతను నీ కుమారుని సిలువలో కొట్టివేసినందుకు స్తోత్రము. మేము ఇతరుల మీద వ్రాసినవాటిని చింపివేయటానికి మాకు ధైర్యము దయచేయుము. మేము పేర్లు మరచిపోయినవారిని నీవు మరువలేదు గనుక వారిని జ్ఞాపకము చేసికొనుము. చెరలోనున్న వారికి విడుదల ప్రకటించిన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

— సంఘ పెద్ద, జూజువాడి